ఉత్తర్వు లేని నిషేధం

అరకు,
శుక్రవారం రాత్రి

ఒరేయ్ సింహాచలం,

నీ ఉత్తరం అందింది. జముకుల కథల అధ్యాయం తీసేస్తేనే పుస్తకం వేస్తానని మీ పబ్లిషరు పేచీ పెట్టాడన్నావు. "ఎందుకొచ్చిన గొడవ" అన్నాడట. నువ్వూ సగం మెత్తబడ్డట్టే ఉంది నీ రాత చూస్తే. అందుకే ఒళ్లు మండి ఇది రాస్తున్నాను.

ఆ అధ్యాయంలోని సుబ్బారావు పాణిగ్రాహి బొడ్డపాడు గుడిలో పూజారి. అమ్మవారి కథలు చెప్పుకునే జముకు వాయిద్యాన్ని రైతుకూలీల పాటకు వాడుకున్నాడు. 1969 డిసెంబరులో ఆయన్ను పోలీసులు కాల్చి చంపారు. ఆయన గురించి రాయకూడదని ఏ ఉత్తర్వు చూపించాడు మీ పబ్లిషరు? ఏదీ లేదు కదా! నాకు కోపం అక్కడే.

ఉత్తర్వు ఉంటే కొట్లాడొచ్చు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' నవల సంగతే చూడు. జైల్లో రాశారు, 1922లో అచ్చయింది, మరుసటేడు మద్రాసు సర్కారు నిషేధించింది. చింతపల్లి కొండల్లో సీతారామరాజు కోసం మలబారు పోలీసులు గాలిస్తున్న రోజులవి. నవలనీ, మన కొండలనీ ఒకేసారి చూసి బెదిరిపోయిన సర్కారది. 1928లో నిషేధం ఎత్తేశారు. 1936లో ఆంధ్రా యూనివర్సిటీ దాన్ని పాఠ్యపుస్తకం చేస్తే మళ్లీ నిషేధించారు. మరుసటేడు కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక అదీ పోయింది. ఇవాళ ఏ లైబ్రరీకి వెళ్లినా దొరుకుతుంది.

శ్రీశ్రీ విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. 1970 ఫిబ్రవరిలో విశాఖలో ఆయనకు షష్టిపూర్తి చేస్తుంటే, శ్రీకాకుళం కొండల్లో జనం చస్తున్నారు, మీరెటువైపో తేల్చుకోండని రచయితలకు సవాలు విసురుతూ విద్యార్థులు కరపత్రం పంచారు. జూలైలో విప్లవ రచయితల సంఘం, అదే విరసం, పుట్టింది, దానికి ఆయనే మొదటి అధ్యక్షుడు. ఆ మరుసటేడే చెరబండరాజు, నిఖిలేశ్వర్, జ్వాలాముఖిలను ముందస్తు నిర్బంధపు పి.డి. చట్టం కింద లోపలేశారు. 'ఝంఝ', 'మార్చ్' కవితా సంకలనాలను నిషేధించారు. 1974లో వరవరరావు, కె.వి.ఆర్. లాంటివాళ్ల మీద సికింద్రాబాదు కుట్రకేసు పెట్టారు. అది కొట్టేసేసరికి 1989 వచ్చింది, అప్పటికి చెరబండరాజు బతికి లేడు. సరిగ్గా ఆ 1974లోనే చింతపల్లి అడవుల్లో తీసిన కృష్ణ సినిమా 'అల్లూరి సీతారామరాజు' విడుదలైంది. అందులో పాటకు శ్రీశ్రీకి జాతీయ అవార్డు ఇచ్చారు. యాభై ఏళ్ల కిందట చచ్చిపోయిన తిరుగుబాటుదారుడి మీద పాటకు సన్మానం, ఐదేళ్ల కిందట శ్రీకాకుళంలో చచ్చిపోయినవాళ్ల మీద కవిత్వానికి జప్తు! ఇప్పుడైతే మన జిల్లాకే అల్లూరి పేరు పెట్టారు, 2022 ఏప్రిల్ 4 నుంచి. అందరూ దండలేసేవాళ్లే.

నిషేధమంటే సర్కారు ఇష్టారాజ్యం కూడా కాదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 95వ సెక్షను, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 98వది. ఏ కారణంతో జప్తు చేస్తున్నారో రాసి మరీ ప్రకటించాలి. రెండు నెలల్లోగా హైకోర్టుకు వెళ్తే ముగ్గురు జడ్జీలు కూర్చుని వింటారు. 2005 ఆగస్టు 17న విరసాన్నే ఏకంగా నిషేధించినా, ఆ ఏడాది గడవకముందే అది వీగిపోయింది. మరి మీ పబ్లిషరు భయం మీద ఏ కోర్టుకెళ్తావు?

ఇక్కడా అదే రోగం. రిసార్టుల్లో రాత్రిపూట మంటేసి టూరిస్టుల ముందు మన కొండవాళ్ల థింసా నాట్యం ఆడిస్తారు. పంట, పెళ్లి, వేట పాటలన్నీ ఉంటాయి. భూమి పోయిన పాట, పోలీసు వచ్చిన పాట ఉండవు. వద్దన్నవాడెవడూ లేడు. ఊళ్లో పెద్దవాళ్లనడిగితే, "ఇప్పుడెందుకు బాబూ అవి" అని మాట మార్చేస్తారు. ఒక రాత్రి నక్సలైటు అన్నలొచ్చి, ఇంకో రాత్రి పోలీసులొచ్చి ఆరా తీసిన ఊళ్లవి. ఇద్దరికీ జడిసి నోరు కట్టేసుకున్నారు. కొండభాషల్లో పాట కాగితం మీద ఉండదు కదా, పాడేవాళ్లు మానేస్తే ఒక తరంతో సరి. 'మాలపల్లి'కి ఎవరింట్లోనో దాచిన ప్రతి అయినా మిగిలింది.

పాణిగ్రాహి రాజకీయాలు నీకు నచ్చక తీసేస్తే అది వేరే సంగతి, నేను నోరెత్తను. నాకూ అన్నీ నచ్చవు. కానీ మీ పబ్లిషరు జడిశాడని తీసేస్తే మాత్రం ఒప్పుకోను.

ఆ అధ్యాయం అలాగే ఉంచు. ఇతను కాదంటే ఇంకొకరిని అడుగు. డబ్బు తక్కువైతే చెప్పు, నా వంతు నేను వేస్తాను. ప్రూఫులు రాగానే పంపు, మన ఊరి మాటలు తప్పు పడకుండా నేను దిద్దిపెడతాను.

నీ
అప్పన్న