టర్బో సి గడప దాటి

తమ్ముళ్ళూ! సంక్రాంతి సెలవులకు విజయవాడ వచ్చి మన హాస్టల్లో రెండు రాత్రులున్నాను. మీ సి ల్యాబ్ రికార్డులు తిరగేస్తే మొదటి పేజీలోనే 'కోనియో.హెచ్', 'క్లియర్ స్క్రీన్', 'వాయిడ్ మెయిన్'. ఇవి సి భాషవి కావు, డాస్ కాలంనాటి టర్బో సి అలవాట్లు. 1989 నాటి మొదటి ప్రమాణంలోనే మెయిన్‌కు 'ఇంట్' అని ఉంది.

మన డెల్టా లెక్కే చూడండి. 75 కిలోల ధాన్యం బస్తాలు 500. 'ఇంట్'లో గుణిస్తే టర్బో సి 37500 చూపదు, మైనస్ 28036 చూపిస్తుంది! అక్కడ ఇంట్ 16 బిట్లే, 32767 దాటదు. అది టర్బో సి నేరమూ కాదు, ప్రమాణం హామీ ఇచ్చేదీ అంతవరకే. పెద్ద లెక్కకు 'లాంగ్' వాడాలి.

ఉద్యోగ ఎంపిక పరీక్షల్లో చాలాచోట్ల ప్రోగ్రాములు దిద్దేది కంప్యూటరే. అక్కడ కోనియో దొరకకపోతే మీ తర్కం ఎంత బాగున్నా సున్నాయే. ఇంట్లో చదువుకున్నవాళ్ళుంటే ఇది ఎవరో ఒకరు చెబుతారు. మనకు అన్నయ్యలమే చెప్పుకోవాలి.

పాత కంప్యూటరైనా సరే, ఉబుంటు ఉంటే చాలు. నెట్ ఉన్నప్పుడు టెర్మినల్‌లో 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్' కొట్టండి, జీసీసీ వస్తుంది. పైసా ఖర్చు లేదు. కంపైల్ చేసేటప్పుడు '-ఎస్‌టీడీ=సి99 -వాల్ -పెడాంటిక్-ఎర్రర్స్' తగిలించండి. (ఆ చివరిది మన వార్డెన్ గారి కన్నా కఠినం!) ప్రమాణం దాటిన చోట లైను నంబరుతో సహా అడ్డు చెబుతుంది.

రికార్డులో మాత్రం మాస్టారు అడిగినట్టే రాయండి, ఇంటర్నల్ మార్కులు పోగొట్టుకోవద్దు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక కంప్యూటర్ దగ్గర వంతులు వేసుకుని, అవే ప్రోగ్రాములు జీసీసీలో మళ్ళీ నడిపి చూడండి.