జాలోలు... ఇటలీ నాన్న, టర్కీ కొడుకు!

ఇస్తాంబుల్‌లో సుల్తాన్‌అహ్మత్‌ స్టాపు దగ్గర ట్రాము దిగి, కాస్త దూరం నడిస్తే ఓ పేట వస్తుంది. దాని పేరు చదవడమే పెద్ద పరీక్ష. బోర్డు చూసి మనం ‘కగలోగ్లు’ అంటాం. అక్కడివాళ్లకి అది ‘జాలోలు’. వాళ్ల లిపిలో ‘సి’ని ‘జ’గా పలుకుతారు. నెత్తిన చిన్న గిన్నెలాంటి గుర్తున్న ‘జి’ అయితే అసలు నోరే మెదపదు. ముందున్న అచ్చును సాగదీసి ఊరుకుంటుంది.

చివరున్న ‘ఓలు’ అంటే ఫలానావారి కొడుకు అని. మన ఇంటిపేర్లలో చాలావాటి వెనక ఓ ఊరు ఉన్నట్టే, ఈ పేర్ల వెనక తండ్రో, తాతగారి కొలువో ఉంటుంది. మాజీ విదేశాంగ మంత్రి చావుషోలు ఇంటిపేరుకు అర్థం ‘సార్జెంటుగారబ్బాయి’. 2023 అధ్యక్ష ఎన్నికల్లో ఎర్దోగాన్‌తో తలపడిన కిలిచ్‌దరోలు ‘కత్తి మోసేవారి అబ్బాయి’. ఇమామోలు సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

మరి జాలోలు ఎవరబ్బాయి? చికాలా అనే ఇటలీ పెద్దమనిషి కొడుకు!

జెనోవా మూలాలున్న చికాలా కుటుంబం సిసిలీలోని మెసీనాలో ఉండేది. 1561లో తండ్రి విస్కోంతె, కొడుకు షిపియోనె వెళ్తున్న ఓడ తురుష్కుల పక్షాన ఉన్న సముద్రపు దొంగలకు చిక్కింది. తండ్రి తర్వాత ఇస్తాంబుల్‌లోనే కన్నుమూశాడు. కుర్రాణ్ని సుల్తాను కోటలో పెంచారు. మతం మారింది. పేరు యూసుఫ్‌ సినాన్‌ అయింది. నాన్న పేరు మాత్రం వదల్లేదు. చికాలా కాస్తా టర్కీవాళ్ల నోట ‘జిగాలా’ అయి, ఆయన ‘జిగాలాజాదా’ అయ్యాడు. ఆ ‘జాదా’ మనకు తెలిసిన షెహజాదాలోదే.

పాషాగా ఎదిగి, 1596లో దాదాపు 40 రోజులు ప్రధాన వజీరుగానూ ఉన్నాడు. 1598లో నౌకాదళంతో సొంతూరు మెసీనా తీరానికే వచ్చాడు. ఊరంతా హడలిపోయింది. ఆయన అడిగింది మాత్రం ఒక్కటే... అమ్మను చూడాలని! స్పెయిన్‌ ప్రతినిధి ఒప్పుకున్నాడు. తల్లి లుక్రేజియా ఓడ మీదికి వెళ్లి, ఎప్పుడో చెరపట్టుకుపోయిన కొడుకును చూసుకుంది.

ఆ పాషా భవనం ఉన్న చోటుకే జాలోలు అన్న పేరు మిగిలింది.

సామాన్యులకు ఇంటిపేరు తప్పనిసరి అయింది మాత్రం 1934 చట్టంతోనే. ముస్తఫా కెమాల్‌కు ‘అతాతుర్క్‌’ వచ్చిందీ ఆ ఏడాదే. ‘జాదా’లకు సెలవిచ్చారు, ‘ఓలు’ నిలిచింది. తమాషా ఏమిటంటే, ఆడపిల్ల అయినా ‘ఓలు’ అనే రాసుకోవాలి. పక్కనున్న అజర్‌బైజాన్‌ వాళ్లు నయం, అమ్మాయిల తండ్రి పేరు పక్కన ‘గిజి’ అంటే కూతురని చేరుస్తారు.

ఒకప్పుడు టర్కీ పత్రికాఫీసులన్నీ జాలోలులోనే ఉండేవి. 1990ల్లో నగర శివార్లకు తరలిపోయాయి. 1741లో అయా సోఫియా గ్రంథాలయ ఖర్చుల కోసం కట్టిన హమామ్‌లో మాత్రం ఇప్పటికీ వేణ్నీళ్లు కాగుతూనే ఉన్నాయి.