గిటారు లేని రాక్

వసంత్ కుంజ్‌లో మేముండే డీడీఏ ఫ్లాట్ల గోడలు పలచన. మూడో కుక్కర్ విజిల్ ఎవరింట్లో కూసిందో కూడా తెలిసిపోతుంది. ఆదివారం పొద్దున నేను పెట్టే పాటలు కింది ఫ్లాట్‌లోని రిటైర్డ్ అధికారికి గిట్టవు. మొన్న మెట్ల మీద ఆపి అడిగేశారు: ‘‘బేటా, ఈ గోలలో నీకేం వినిపిస్తుంది?’’ పదిహేనేళ్లుగా నేను తప్పించుకు తిరుగుతున్న ప్రశ్న అది. నిజం చెప్పాలంటే ఆ గోలలో సగం నాకూ నచ్చదు.

పొలిటికల్ సైన్స్‌లో ఎంఏ చేయడానికి 2010లో ఖమ్మం నుంచి ఢిల్లీ వచ్చా. హాస్టల్లో రేడియోహెడ్ తెలియనివాడు మనిషే కాదు. ‘ఓకే కంప్యూటర్’ (1997) నిజంగానే నచ్చింది. ‘కిడ్ ఎ’ (2000) మాత్రం ఎన్నిసార్లు విన్నా మనసుకెక్కలేదు. అయినా కళ్లు మూసుకుని తలాడించా. నిర్వాణా ‘నెవర్‌మైండ్’ (1991)లో కోపం తెలిసింది, అది ఎవరి మీదో తెలియలేదు. ‘తమ్ముడు’ (1999) క్యాసెట్‌ను అరిగిపోయేదాకా విన్న సంగతి, రమణ గోగుల గొంతే నేనెరిగిన మొదటి రాక్ అన్న సంగతి గుట్టుగా దాచుకున్నా.

నా నటనకు తెర దించింది ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్. వాళ్ల ‘కందీసా’ (2000)లో ఉన్నవి ఏడే పాటలు. ఒకటి కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన, ఒకటి నర్మద పాట. ‘హిల్లేలే’ మాత్రం జేఎన్‌యూలో చదివిన విప్లవ కవి గోరఖ్ పాండే భోజ్‌పురి గీతం. పాఠ్యపుస్తకాల్లో దొరకని రాజకీయం అందులో దొరికింది. గుంటూరు రూమ్మేటూ నేనూ ఒకే ఇయర్‌ఫోన్స్‌ను చెరో చెవిలో పెట్టుకుని విన్నాం.

సినిమాలూ కలిసే చూశాం. ‘రాక్ ఆన్’ (2008)లో ఫర్హాన్ అఖ్తర్ గొంతుకు మార్కులు వేయొచ్చు. అయితే ఆ మిత్రులను మళ్లీ కలపడానికి ఒకడికి మెదడులో కణితి రావాల్సి వచ్చింది. ‘రాక్‌స్టార్’ (2011)లో రెహ్మాన్ సంగీతం గొప్పది, సిద్ధాంతమే తప్పు. గుండె పగిలితేనే పాట పుడుతుందట! ఆ లెక్కన మా హాస్టల్ నిండా సంగీత దర్శకులే ఉండాలి. పైగా ‘సడ్డా హక్’ పాటలో హక్కుల గురించి అంత గొంతు చించుకున్నా, జనం పట్టుకున్న టిబెట్ జెండా మసకబారిపోయింది. సెన్సార్ అభ్యంతరం మరి. వీటికన్నా నాకు జైదీప్ వర్మ డాక్యుమెంటరీ ‘లీవింగ్ హోమ్’ (2010) మిన్న. ఇండియన్ ఓషన్ కథే అది. అందులో హీరోయిజం లేదు, ఏళ్ల తరబడి ఓపిక మాత్రం ఉంది. తబలా వాయిస్తూ పాడే అసీమ్ చక్రవర్తి 2009 డిసెంబర్ 25న చనిపోయారు. థియేటర్లలో అది విడుదలయ్యేనాటికి ఆయన లేరు.

అసలు సంగతి ఇక్కడుంది. హాస్టల్లో చేరిన కొత్తలో రూమ్మేట్ అడిగాడు, ‘‘మీ గద్దర్ పాటలున్నాయా?’’ అని. పక్కన ఇంగ్లిష్ మాట్లాడే మిత్రులున్నారు. ‘‘అది సంగీతం కాదులే, సభల్లో పాడేది’’ అని కొట్టిపారేశా. తర్వాత తెలంగాణ ఉద్యమం ముదిరింది. నేను జంతర్ మంతర్ ధర్నాలకు, వాడు సమైక్యాంధ్ర సమావేశాలకు వెళ్లాం. ఒక రాత్రి గద్దర్ పాట పెట్టా. వాడు తన చెవిలోది తీసి మంచం మీద పెట్టి, ‘‘ఇది సంగీతం కాదని చెప్పింది నువ్వే కదరా’’ అన్నాడు. జవాబు లేదు. వాడు నా ఉద్యమాన్ని తప్పుపట్టినా అంత నొచ్చుకునేవాణ్ని కాదు. నా మాటే నాకు అప్పజెప్పాడు. ఆ ఇయర్‌ఫోన్స్ మళ్లీ ఇద్దరి మధ్యకు రాలేదు. 2014లో రాష్ట్రం విడిపోయేనాటికి మేము పలకరింపులకే పరిమితమయ్యాం.

ఇప్పుడనిపిస్తుంది, గోరఖ్ పాండే పాటను గిటారుతో వింటే గొప్ప, గద్దర్ పాటను డప్పుతో వింటే నామోషీ ఎందుకైందని. ఢిల్లీ బ్యాండ్ ముద్ర ఉంటేనే ఊరి కోపాన్ని కళగా ఒప్పుకున్నా. ‘మాభూమి’లో ‘బండెనక బండి’ పాడిన గద్దర్ కాసేపే కనిపిస్తారు. భుజాన గొంగళి, చేతిలో కర్ర. ‘రాక్‌స్టార్’లో స్టేడియాలన్నీ కలిపినా ఆ కాసేపటికి తూగవు. ఇంతకన్నా ‘ఆల్టర్నేటివ్’ ఇంకేముంటుంది?

2023 ఆగస్టు 6న గద్దర్ చనిపోయినప్పుడు ఏళ్ల తర్వాత గుంటూరు నుంచి ఫోనొచ్చింది. ‘‘ఒరే, ఆ రాత్రి పాట పూర్తిగా వినాల్సింది’’ అన్నాడు. ‘‘ముందే పెట్టి ఉండాల్సింది’’ అన్నా. ఇద్దరం రాష్ట్రం మాట ఎత్తలేదు.

కింది ఫ్లాట్ పెద్దాయనకు ఇంకా సమాధానం చెప్పలేదు. వచ్చే ఆదివారం చాయ్‌కి పిలిచి ‘హిల్లేలే’, ఆ వెంటనే ‘బండెనక బండి’ వినిపిద్దామనుకుంటున్నా. అప్పుడూ గోల అంటే ఒప్పుకుంటా. కాకపోతే వాల్యూమ్ తగ్గించను.