గండికోట గోడ వెంట

జమ్మలమడుగు మీదుగా గండికోటకు వచ్చేవాళ్లలో చాలామంది నేరుగా పెన్న లోయ అంచుకే పరుగెడతారు. ఫొటో దిగి వెనుదిరుగుతారు. నాకు మాత్రం కోటగోడ దగ్గరే కాళ్లు ఆగిపోతాయి. ఎర్రరాతి దిమ్మెల్ని ఎంత బిగువుగా పేర్చారో అతుకు మీద చెయ్యి వేసి చూస్తే తెలుస్తుంది. లోయ వైపు పెన్నే కందకం. మిగతా వైపుల్లోనే మనిషి చెమటోడ్చాడు.

పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటను గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో ఇక్కడికే వచ్చి అతణ్ణి కలిశాడు. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, అన్నీ ఈ గోడ చాటునే బతికాయి.

ఆ రాళ్ల మీద ఎవరెవరి పేర్లో గీసి ఉంటే కడుపు తరుక్కుపోతుంది. ప్రొద్దుటూరు, పులివెందుల పిల్లలూ, అక్కడికి వెళ్లండి, గోడ వెంట నడవండి. పేర్లు మాత్రం రాయకండి.