తోటిల్లు కూల్చే ముందు ఒక మాట

 ఈసారి పోస్టు కాస్త పెద్దది. తీరిక ఉన్నప్పుడు చదవండి.

పొల్లాచ్చి నుంచి ఆనైమలై పోయే దారిలో మా పాత తోటిల్లు ఉంది. పక్క తోట గౌండర్లు అలాంటి ఇంటిని సాళై అంటారు. ఆస్తి నాలుగు వాటాలు. ఇప్పుడు అక్కడ ఉంటున్నది అవ్వ, పెద్దనాయన మాత్రమే. మిగతావాళ్ళం కోయంబత్తూరు, బెంగుళూరు అని చెదిరిపోయాం. 2016 నుంచి కొబ్బరికి తెల్లదోమ పట్టి కాపు తగ్గింది. పెంకులు మార్చాలన్నా, చెద తిన్న వాసాలు మార్చాలన్నా లక్షల్లో మాట. కూల్చి చదును చేద్దామని రెండు వాటాల వాళ్ళు, ఉంచుదామని రెండు వాటాల వాళ్ళు. ఎవరి మాటా కొట్టిపారేసేది కాదు. పొంగలు తర్వాత తేల్చాలి.

తేల్చే ముందు ఆ ఇల్లు ఏమిటో చూద్దామని టేపు, నోటుబుక్కు పట్టుకుని రెండు రోజులు అక్కడే ఉన్నాం.

ముందు తెలిసింది ఏమిటంటే, అది ఒక్కసారి కట్టిన ఇల్లు కాదు. నడిమి భాగం అన్నిటికన్నా పాతది. రెండడుగుల మందం మట్టిగోడలు, తాటి దూలాలు. మొదట్లో పైకప్పు కూడా తాటాకేనట. అప్పటి పంటలు జొన్న, సజ్జ, రాగి. అందుకే ఆ భాగంలో పెద్ద గది మనుషులకు కాదు, గాదెకు. పడమటి గోడకు ఒక్క కిటికీ లేదు. ఎదురుగా పాలక్కాడు కనుమ. పడమటి కనుమల్లో దాదాపు 30 కిలోమీటర్ల వెడల్పున తెరుచుకున్న సందు అది. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలంతా అందులోంచే మన మీదికి వస్తుంది. ఆడి గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని తమిళ సామెత. కట్టినవాళ్ళు ఆ గాలికి వీపు చూపించి, వాకిలి తూర్పుకు పెట్టారు.

మనవాళ్ళు ఇక్కడికి ఎప్పుడు వచ్చారని పిల్లలు అడుగుతుంటారు. ఒక్క తేదీ చెప్పడం కుదరదు. 14వ శతాబ్దంలో కుమార కంపన మధుర మీదికి వచ్చినప్పటి నుంచి, తర్వాత విశ్వనాథ నాయకుడి కాలంలో 72 పాళెయాలు ఏర్పడినప్పుడు, విడతలు విడతలుగా వచ్చారు. కత్తి పట్టుకుని వచ్చినవాళ్ళూ ఉన్నారు, నాగలి పట్టుకుని వచ్చినవాళ్ళూ ఉన్నారు. మెట్ట నేలలో లోతు బావి తవ్వి, కపిల కట్టి బతికారు. తమిళంలో కవలై అనేది అదే. ఎద్దులు వాలులో దిగుతుంటే తోలు తొండం నిండా నీళ్ళు పైకి వస్తాయి, వెనక్కి నడిచి ఎక్కుతుంటే తొండం మళ్ళీ బావిలోకి దిగుతుంది. మా బావి ఒడ్డు రాతి మీద మోకు ఒరుసుకున్న గాడి ఇప్పటికీ ఉంది. వేలు పెడితే సగం మునుగుతుంది.

ముందు భాగం పత్తి డబ్బుతో కట్టింది. 1888లో స్టేన్స్ దొర కోయంబత్తూరులో నూలు మిల్లు పెట్టాడు. 1905 ప్రాంతంలో కంబోడియా పత్తి ఈ రాజధానికి వచ్చింది. బావి నీళ్ళ కింద బాగా పండేది. 1910లో కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్లు మొదలుపెట్టారు. 1915లో పోత్తనూరు నుంచి పొల్లాచ్చికి రైలు వచ్చింది. మా మండువా, ముందరి తిన్నె, టేకు స్తంభాలు ఆ తరువాతివి. టేకు ఆనైమలై కొండలది. దుంగలను కొండ మీంచి జార్చిన చోటుకే టాప్‌స్లిప్ అని పేరు నిలిచింది. పైన మంగుళూరు పెంకు. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో మొదలుపెట్టిన పని అది. గోడకు సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి పూశారు. చెయ్యి పెడితే ఇప్పటికీ నున్నగా, చల్లగా ఉంటుంది.

1930లలో పైకారా కరెంటు కోయంబత్తూరు సీమకు వచ్చింది. పంపుసెట్లు వచ్చాక కపిల ఆగింది, ఎద్దుల కొట్టం సగమైంది. 1960లలో పరంబికుళం ఆళియారు కాలువ నీళ్ళు వచ్చాయి. జొన్న పోయి కొబ్బరి వచ్చింది. కళ్ళంలో కంకులు తొక్కించడం మానేసి కొబ్బరి ఎండబెట్టాం. గాదె గది కాయల కొట్టయింది.

అంటే మా నాలుగు తరాల జమాఖర్చు ఆ గోడల్లోనే ఉంది. నీళ్ళు మారినప్పుడల్లా పంట మారింది, పంట మారినప్పుడల్లా ఇల్లు మారింది. పత్రాల్లో సర్వే నంబరు ఒక్కటే ఉంటుంది, ఇదేమీ ఉండదు.

ఇంకొకటి. అవ్వ చెబుతుంటే ఇంటి భాగాల పేర్లు రాసుకున్నాం. తిన్నె, పడసాల, మండువా, అటక, దీపం గూడు, వాసం, గడప, కొట్టం, కళ్ళం, 40 దాకా వచ్చాయి. మా పిల్లలకు వాటిలో అయిదారు తెలుసు. మిగతావన్నీ హాలు, స్టోర్ రూము, పార్కింగు అయ్యాయి. అవ్వకు తెలుగు చదవడం రాదు, మనలో చాలామందికీ రాదు. ఇన్ని వందల ఏళ్ళు మన తెలుగు బడిలో బతకలేదు, ఇలాంటి ఇళ్ళలోనే బతికింది. గాదె లేని ఇంట్లో గాదె అనే మాట ఎవరంటారు?

ఇంగ్లండులో 1947 చట్టం తర్వాత పాత రైతు ఇళ్ళు, ధాన్యపు కొట్లు కూడా ప్రభుత్వ జాబితాకెక్కాయి. జాబితాలో ఉంటే సొంతదారైనా అనుమతి లేకుండా కూల్చలేడు. మన తోటిళ్ళకు అలాంటి అండ లేదు. ఉంచుకున్నా కూల్చుకున్నా మన చేతిలోనే.

మేము వాటాల వాళ్ళ ముందు పెట్టబోయే మాట ఇది. పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కొడుకులు 1926లో ఆస్తిని అయిదు భాగాలు చేసి, అయిదోది ధర్మానికి పెట్టారు. ఇవాళ్టి పి.ఎస్.జి. సంస్థలు దాంట్లోంచి పుట్టినవే. మాది అంత ఆస్తి కాదు. కానీ మండువా, తిన్నె, కళ్ళం, కపిల బావి ఉన్న నేలను అయిదో వాటాగా అందరి పేరున ఉంచి, వెనక శిథిలమైన భాగం తీసేయవచ్చు. కొబ్బరి రాబడిలో ఏటా ఇంత అని మరమ్మతుకు పక్కన పెట్టాలి. ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఒప్పుకోకపోయినా కొలతలు, ఫోటోలు, అవ్వ మాటలు మా దగ్గర ఉంటాయి.

మీ ఊళ్ళో మీ తోటిల్లు నిలబడి ఉంటే ఈ పొంగలుకు ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని గది గదికీ తిప్పి, ప్రతిదాని పేరూ అడిగి ఫోనులో రికార్డు చేయండి. తెలుగు రాయడం రాకపోతే తమిళ అక్షరాల్లోనే రాసుకోండి. సంఘానికి పంపితే అన్నీ కలిపి ఒక పుస్తకంలో పెడదాం. గోడలు ఇంకో వందేళ్ళు ఆగగలవు, పెద్దవాళ్ళు ఆగలేరు.