మెల్లగా పోయే బండి

ఫ్లోరిడాలో ఉండే మా అబ్బాయి మొన్న ఫోనుకి ఒక వీడియో పంపాడు. సముద్రం ఒడ్డు, పైన బుల్లి విమానం, దాని తోకకు మా వీధంత పొడుగు బ్యానరు. ఏదో హోటలు ప్రకటన. బ్యానరు కట్టుకుని విమానం నేల మీంచి లేవదట. ఉత్తగా ఎగిరి, మళ్లీ కిందికి వాలి, రెండు గుంజల మధ్య కట్టిన తాడును కొక్కెంతో అందుకుని పోతుందట. "ఇక్కడ ఒక కుటుంబం నడిపే వ్యాపారం" అని రాశాడు. "మనమూ నడిపినం కదరా" అని జవాబిచ్చాను.

మాది వనపర్తి. 1980ల మొదట్లో మా ఇంటిల్లిపాదీ సినిమా పబ్లిసిటీ మీదే బతికాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోవే. 2016లో దేనికది జిల్లా అయింది గానీ మా బండికి మూడూ కలిపి ఒకటే ఇలాకా.

రిక్షాకు రెండు వైపులా కర్ర చట్రాలు గుడిసె కప్పులా వాల్చి పోస్టర్లు అతికేవాళ్లం. మైదా గంజి అమ్మ కాచేది. అందులో చిటికెడు మైలుతుత్తం పడాల్సిందే, లేకుంటే పురుగు పడుతుంది. (మేకల సంగతి వేరు. హీరోయిన్ ముఖాన్ని తెల్లారేసరికి నమిలేసేవి.) సీటు కింద బ్యాటరీ, దాని మీద అహూజా ఆంప్లిఫయరు, ముందు హారన్. మైకు చిన్నాయనది, పెడలు నాయినది, రంగు కాగితాలు విసరడం నాది.

నాయిన పనితనమంతా మెల్లగా పోవడంలోనే ఉంది. ఖాళీ రిక్షా ఎవడైనా తొక్కుతాడు. "సినిమా పేరు ఒకింటికి, ఆట టైము ఇంకో ఇంటికి ఇనవడితే ఏం లాభంరా?" అనేవాడు. చిన్నాయన మాట పూర్తయ్యేదాకా బండి ఆ వాకిలి దాటకూడదు. ఎదురుగాలిలో చట్రాలు తెరచాపల్లా వెనక్కి లాగేవి. అప్పుడు నేను దిగి నెట్టేవాణ్ని.

గద్వాల జాతరకు రిక్షాను లారీకెక్కించి, బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటేవాళ్లం. అక్కడ నేతగాళ్ల వీధిలో మా మైకు వినబడగానే ఒక్కో మగ్గం ఆగేది. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపే చేతులు, ఒక్క నిమిషం ఖాళీగా. మేం మలుపు తిరిగాక మళ్లీ టకటకలు. అంత మర్యాద మాకు ఇంకెక్కడా దొరకలేదు.

'ఖైదీ' 1983 అక్టోబరు చివర విడుదలైంది. మా వైపు హాళ్లకు వచ్చేసరికి నెలలు గడిచాయి. దాని కోసం అద్దె జీపులో బిజినేపల్లి, పాలెం చుట్టి, గొంతులు పోగొట్టుకుని, సాయంత్రానికి నాగర్‌కర్నూలు చేరాం. హాలు ముందు జనం, జనం వెనక ఎడ్లబండ్లు. డబ్బా రాలేదు! రీళ్లు ముందటి ఊళ్లోనే ఆగిపోయాయట. హాలు మనిషి గేటు వేసుకుని లోపలికి పోయాడు. మేం మాత్రం బయట, పోస్టర్లతో సహా.

"ఏమన్నా, నీ మాటిని పిల్లజెల్లతోని బండి కట్టుకోనొస్తిమి గదా" అని ఒక పెద్దాయన నాయిన ముందు నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది. అరిచింది చిన్నాయన గొంతు, అడిగింది నాయినను. నాయిన కిక్కురుమనలేదు. తువ్వాల నడుముకు చుట్టి, బోరింగు కొట్టి, ఆ ఎడ్లకు నీళ్లు పెట్టాడు. పక్క బండి ఎడ్లకూ పెట్టాడు. నేను చేతిలో మిగిలిన పసుపుపచ్చ కాగితాలు ఎక్కడ దాచాలో తెలియక చొక్కాలో దోపుకున్నాను. మర్నాడు డబ్బా వచ్చింది. ఆ పెద్దాయన వచ్చాడో లేదో చూడ్డానికి మేం అక్కడ లేము, పెబ్బేరు సంతలో ఉన్నాం.

మా అబ్బాయి పంపిన వీడియో నాయినకు చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చూశాడు.

"మెల్లగనే పోతుంది" అన్నాడు. కాసేపాగి, "కాగితాలెవరు ఇసుర్తరు?" అని అడిగాడు.