నూజివీడు దారిలో ఎడమ ప్రక్క

హనుమాన్ జంక్షన్ వద్ద జాతీయ రహదారిని విడిచి నూజివీడు వైపు తిరిగినవారికి కొద్దిసేపటిలోనే నేల రూపం మారుతుంది. వరి చేలు వెనుకబడతాయి. ఎర్ర నేలల్లో మామిడి తోటలు ఎదురవుతాయి. బంగినపల్లి, చిన్న రసం, పెద్ద రసం, కలెక్టరు కాయ, ఈ పేర్లు ఇక్కడి పసిపిల్లలు సైతం చెబుతారు. 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతం కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలోకి మారింది. జిల్లా పేరు మారినా దారి మాత్రం అదే.

ప్రియ పాఠకులారా, గల్ఫ్ దేశాల నుండి సెలవు మీదనో, శాశ్వతంగానో ఇంటికి వచ్చేవారిలో కొందరు ఈ దారినే వస్తారు. ఉభయ గోదావరి, కడప జిల్లాల వలె అంత ఎక్కువగా కాకపోయినా, ఈ చుట్టుప్రక్కల గ్రామాల నుండి కూడ కువైట్, సౌదీ, దుబాయి వెళ్లినవారు ఉన్నారు. మగవారిలో అనేకులు అక్కడి ఇండ్లలో కారు డ్రైవర్లు. పదేళ్లు స్టీరింగు పట్టినవానికి మన ఊరి రోడ్డు ఒక లెక్కా అని మనం అనుకుంటాం. అయితే అతనికే ఇది కష్టం.

కారణం సులభంగానే అర్థమవుతుంది. ఆ దేశాలన్నిటిలో బండి రోడ్డుకు కుడి ప్రక్కన నడుస్తుంది, డ్రైవరు ఎడమ సీటులో కూర్చుంటాడు. ఇక్కడ అంతా తారుమారు. కుడి చేతితో వేసిన గేరు ఎడమ చేతికి వస్తుంది. ఇండికేటరు వేయబోతే, వాన లేని ఎండలో అద్దం మీద వైపరు ఆడుతుంది. ఇంట్లోవారు నవ్వుతారు. ఇది నవ్వి ఊరుకోదగిన పొరపాటే. నవ్వరాని పొరపాటు మరొకటి ఉంది.

ఎదుట నాలుగు బండ్లు వస్తున్నప్పుడు ఎవరూ దారి తప్పరు, వాటిని చూసి మనిషి తన ప్రక్కకు తానే సర్దుకుంటాడు. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే ప్రమాదం. తెల్లవారుజామున తోట బాటలో నుండి మోటారు సైకిలు మీద తారు రోడ్డెక్కేటప్పుడు, పెట్రోలు బంకులో నుండి బయటకు తిరిగేటప్పుడు, ఏదో ఆలోచనలో ఉన్న చేయి పాత అలవాటు ప్రకారం కుడి ప్రక్కకే తీసుకుపోతుంది. నడిచేవారికి కూడ ఇదే చిక్కు. ఇక్కడ రోడ్డు దాటేటప్పుడు ముందు కుడి వైపు చూడాలి. అక్కడి అలవాటు కంటిని ముందు ఎడమకు తిప్పుతుంది.

ఈ మార్పును ఒక దేశమంతా ఒకే రోజున చేసిన సంగతి ఉంది. స్వీడన్‌లో బండ్లు పూర్వం ఎడమ ప్రక్కన నడిచేవి. 1967 సెప్టెంబరు 3, ఆదివారం తెల్లవారి 5 గంటలకు అందరూ కుడి ప్రక్కకు మారారు. అంతకు నాలుగేళ్ల ముందే చట్టసభ నిర్ణయించింది. ప్రజలకు ఎంతగానో బోధించారు, వేగ పరిమితులు తగ్గించారు. గందరగోళం జరుగుతుందని భయపడితే, మొదట్లో ప్రమాదాలు తగ్గాయి. అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపారు గనుక. భయం తీరిన తరువాత ప్రమాదాలు మళ్లీ పాత లెక్కకే చేరాయి.

మన ఇంటికి వచ్చినవారి విషయంలోనూ ఇదే గమనించాలి. మొదటి వారం వారు జాగ్రత్తగానే ఉంటారు. "ఇక అలవాటైపోయిందిలే" అన్న మాట వినబడిన రోజునే ఇంటివారు మరొకసారి గుర్తు చేయాలి.

పైగా మన రోడ్డుకు పుస్తకంలో లేని కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి. గల్ఫ్‌లో హారన్ కొడితే కోపగించినట్లు. ఇక్కడ "వస్తున్నాను, చూసుకో" అని చెప్పడమే. ఎదుటి లారీ లైటు వెలిగించి ఆర్పితే దారి ఇచ్చినట్లు కాదు, నీవే ఆగమని అర్థం. వేసవిలో కాయల లోడుతో ట్రాక్టర్లు, నున్న మార్కెట్టుకు వెళ్లే వ్యానులు, కోత కూలీలతో నిండిన ఆటోలు ఈ దారిలో తిరుగుతాయి. చీకటి పడ్డాక వెనుక లైటు లేని ట్రాలీ ఏ మలుపులోనైనా ఆగి ఉండవచ్చు. నూట ఇరవై వేగంతో ఎడారి రోడ్డు మీద నడిపిన నేర్పు ఇక్కడ పనికి రాదు. గేదె ఏ ప్రక్కకు తిరుగుతుందో ముందుగా పసిగట్టే నేర్పు కావాలి. అది ఊరిలో ఉన్నవారి దగ్గరే నేర్చుకోవాలి.

లైసెన్సు సంగతి కూడ మరువరాదు. గల్ఫ్ లైసెన్సు చూపించి ఇక్కడ స్థిరపడినవారు బండి నడపకూడదు. మన లైసెన్సు గడువు తీరి ఒక సంవత్సరం దాటితే, 2019లో సవరించిన చట్టం ప్రకారం మళ్లీ డ్రైవింగు పరీక్ష ఇవ్వాలి. నలభై ఏళ్లు దాటినవారు రెన్యువల్‌కు డాక్టరు సర్టిఫికెట్టు కూడ పెట్టాలి. గడువు తీరిన లైసెన్సుతో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు డబ్బుకు చిక్కు వస్తుంది. అనేక సంవత్సరాల కష్టార్జితం ఒక్క పూటలో పోవచ్చు.

ఇంతకంటె సున్నితమైనది ఇంటి లోపలి దారి. ఆయన లేని ఏళ్లలో ఇల్లాలు స్కూటీ నేర్చుకుంది. పిల్లలను బడికి దింపింది, మామగారిని ఆసుపత్రికి తీసుకువెళ్లింది. పూత మీద తోట అడగవచ్చిన వ్యాపారితో బేరమాడింది, మందు ఎప్పుడు కొట్టించాలో తెలుసుకుంది. ఇప్పుడు ఆయన వచ్చి తాళపుచెవి అందుకుంటే ఆమె చేయి ఒక్క క్షణం ఆగుతుంది. అది ధిక్కారం కాదు. అక్కడ యజమాని చెప్పినట్లు బండి తిప్పి అలసిన మనిషికి, తన ఇంట్లోనైనా తన మాట చెల్లాలని ఉండడమూ తప్పు కాదు. ఇద్దరూ చెరొక ప్రక్కన నడిచి వచ్చినవారే. ఎదురెదురుగా రాకుండా చూసుకోవడమే కావలసింది.

అందుకు ఒక సులభమైన ఉపాయం ఉంది. వచ్చిన మొదటి పది రోజులు ఆయన వెనుక సీటులో కూర్చోవాలి. ఆమె గాని, ఎదిగిన కుమారుడు గాని నడపాలి. తోటకు, బజారుకు, ఆదివారం ఆరాధనకు అలాగే వెళ్లాలి. మగవాడు వెనుక కూర్చున్నాడని ఊరిలో నలుగురు నవ్వితే నవ్వనివ్వండి. ఆ పది రోజుల్లో మలుపులు, గుంతలు, కొత్త స్పీడు బ్రేకర్లు ఆయన కంటికి తెలుస్తాయి. తోట ఎలా నడిచిందో, అప్పు ఎంత తీరిందో, పెద్దమ్మాయి ఏమి చదవాలనుకుంటుందో దారి పొడవునా మాటల్లో తెలుస్తుంది. ఫోనులో రానివి, వెనుక సీటులో కూర్చున్నప్పుడు వినబడతాయి.

ఆ తరువాత తాళపుచెవి ఎవరి చేతిలో ఉన్నా ఆ బండి ఇంటికి క్షేమంగా చేరుతుంది.